వెల అడుగని ప్రేమ: డాక్టరు అన్నా కుగ్లర్ గారి జీవితము

మన అధ్యక్ష మండల శతజయంతి సంచికలో బిషపులను గూర్చియు, దేవాలయములను గూర్చియు, పాఠశాలలను గూర్చియు వ్రాయగల పెద్దలు అనేకులున్నారు. నేను ఒక వైద్యురాలిని గూర్చి వ్రాయదలచాను. ఆమె లూథరన్ మిషనువారు. తెనాలిలో గాని, బాపట్లలో గాని, రేపల్లెలో గాని కాపురమున్నవారు కారు. అయినను ఈ మూడు ఊళ్ళ చుట్టుపట్ల పాత విశ్వాస కుటుంబములలో గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి పేరు ఎరుగనివారు తక్కువ. పేరు ఎరిగినవారిలో కూడ ఆ పేరుగల మనిషి ఎవరో ఎరిగినవారు అంతకన్న తక్కువ. దేవుని ప్రేమకు షరతులు లేవని ఆదివారము ఆదివారము ప్రసంగపీఠము మీదినుండి చెప్పుచున్నాము, వినుచున్నాము. నమ్ముట మాత్రము కష్టముగానే ఉన్నది. ఆ నమ్మిక ఎట్లు కలుగునో ఈమె జీవితములో కొంత కనబడును గనుక ఈ వ్యాసమునకు పూనుకొన్నాను.

అన్నా శారా కుగ్లర్ గారు 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో ఆర్డ్‌మోర్ అను ఊరిలో జన్మించారు. స్త్రీలు వైద్యము చదువుటయే వింతగా ఎంచబడిన ఆ కాలములో ఫిలడెల్ఫియా నగరమందు స్త్రీల కొరకే ఒక వైద్య కళాశాల ఉండేది. అది 1850లో స్థాపించబడినది. కుగ్లర్ గారు 1879లో అక్కడ పట్టము పొందారు. మన దేశపు ఆనందీబాయి జోషీ 1886లో వైద్య పట్టము పొందినది కూడ ఈ కళాశాలలోనే. పట్టము చేతికి వచ్చిన తరువాత కుగ్లర్ గారు నారిస్టౌన్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో సుమారు రెండేండ్లు పనిచేశారు. మంచి ఉద్యోగము, మంచి పేరు. అక్కడనే ఉండిపోయినా ఎవరును తప్పుపట్టేవారు కారు.

1882లో గుంటూరునుండి ఆమెకు ఒక ఉత్తరము అందినది. వ్రాసినవారు అక్కడ లూథరన్ మిషనరీగా ఉన్న ఆడమ్ రో గారు. ఈ ప్రాంతపు స్త్రీలకు స్త్రీ వైద్యురాలు ఎంత అవసరమో ఆయన ఆ ఉత్తరములో తెలిపారు. అది చదివి ఆమె తమ సంఘపు స్త్రీల మిషనరీ సమాజమునకు తన్నుతాను అప్పగించుకొన్నారు. సమాజమువారు ఆమెను అంగీకరించారు గాని, ఆమె వైద్యమును అంగీకరించలేదు. వైద్య సేవ ఆరంభించుటకు తాము ఇంకను సిద్ధముగా లేమని, ఉపాధ్యాయినిగాను, ఇండ్లలో స్త్రీలకు బోధించు పనికిని వెళ్ళవచ్చునని తీర్మానించారు.

ఇక్కడ కొంచెము ఆగవలెను. ఏండ్లు శ్రమపడి నేర్చుకొన్న విద్యను ప్రభువుకు అర్పించగా, ఆ విద్య మాకు అక్కరలేదు, నీవు రమ్మని సంఘమే చెప్పినప్పుడు మనిషికి ఎట్లుండును? మనలో అనేకులు ఆ చోటనే అలిగి కూర్చుందుము. గాయకబృందములో చోటు దొరకలేదని, సెషనులో పేరు లేదని గుడి మానివేసినవారిని మనము ఎరుగుదుము. కుగ్లర్ గారు అలుగలేదు. వచ్చిన ఆజ్ఞకు లోబడి, వస్తూ వస్తూ తన వైద్య పరికరములను, మందులను పెట్టెలో సర్దుకొని వచ్చారు. నాకు ఈ పెట్టె చాల ఇష్టము. అందులో ఆజ్ఞను ధిక్కరించుట లేదు, ఆశను విడుచుటయు లేదు. దేవుడు ఇచ్చిన వరమును మనుష్యులు నిరాకరించినంత మాత్రమున దేవుడు తనను నిరాకరించలేదని నమ్మిన మనిషి సర్దుకొన్న పెట్టె అది.

1883 ఆగస్టులో ఓడనెక్కి, నవంబరు 29న ఆమె గుంటూరు చేరారు. అప్పటికి గుంటూరు ప్రత్యేక జిల్లా కాదు. 1859లో రద్దయిన గుంటూరు జిల్లా మరల ఏర్పడినది 1904లో. తెనాలి, బాపట్ల, రేపల్లె అన్నియు అప్పుడు కృష్ణా జిల్లాలోనివే. (2022లో బాపట్ల జిల్లా ఏర్పడి, రేపల్లె అందులో చేరి, తెనాలి గుంటూరు జిల్లాలో నిలిచిన సంగతి మనకు తెలిసినదే.) 1855లో సీతానగరమువద్ద కృష్ణ ఆనకట్ట పూర్తియై, కొమ్మమూరు కాలువ వంటి కాలువలు పారి, ఈ డెల్టా పచ్చబడినది. తెనాలి, బాపట్లల మీదుగా మద్రాసుకు పోవు రైలు మార్గము ఇంకను రాలేదు. ప్రయాణమంటే పడవయో, రెండెడ్ల బండియో. పంట పండినది గాని, పురిటిగదిలో ప్రాణము నిలువలేదు. కాన్పు కష్టమైనచో మంత్రసాని చేతిలోనే సర్వమును ఉండేది. మగ వైద్యునికి చేయి చూపుట పెద్ద కులములవారి ఇండ్లలో ఆచారము కాదు. మద్రాసు వైద్య కళాశాలలో స్త్రీలను 1875లోనే చేర్చుకొన్నారు గాని, ఆ విద్య గుంటూరు సీమ పల్లెలకు చేరుటకు చాలకాలము పట్టినది. భార్య నొప్పులు పడుచుండగా భర్త వాకిట కూర్చుండి దేవుళ్ళకు మ్రొక్కుకొనుట తప్ప చేయగలిగినది లేదు.

కుగ్లర్ గారు బోధనకు వచ్చారు గనుక హిందూ బాలికల పాఠశాలలను చూచుకొన్నారు, ఇండ్లకు వెళ్ళి స్త్రీలకు చదువు చెప్పారు, తెలుగు నేర్చుకొన్నారు. అయితే రోగములు తీర్మానముల కొరకు ఆగవు. దొరసానమ్మ మందు ఇస్తుందని ఒకరినుండి ఒకరికి తెలిసినది. మొదటి సంవత్సరములోనే ఆమె 185 మందిని వారి ఇండ్లకు వెళ్ళి చూచారు, 276 మందిని తాము నివసించిన ఇంటివద్ద చూచారు. పేరుకు ఉపాధ్యాయిని. చివరకు 1885 డిసెంబరులో సమాజమువారు ఆమెను వైద్య మిషనరీగా నియమించారు. ఆ మరుసటి ఏడు నుండి మందులిచ్చు పని బహిరంగముగా సాగినది.

ఆ ఇండ్లలో ఆమెకు దొరికిన మర్యాద ఎట్టిదో ఊహించుట కష్టము కాదు. పరదేశి, క్రైస్తవురాలు, అంటరానివారిని అంటినది. అట్టి మనిషి ముట్టినచో తలస్నానము చేసి బట్టలు తడుపుకొనవలెనన్నది ఆనాటి ఆచారము. ప్రాణము నిలిపిన చేతిని వెంటనే నీళ్ళతో కడుగుకొనుట! అయినను ఆమె మరుసటి దినము మరల ఆ గడప తొక్కేవారు. తన స్పర్శను మైలగా ఎంచినవారి నాడిని ఆమె మరల పట్టుకొనేవారు.

వేదాంత కళాశాలలో మేము గ్రీకు నేర్చుకొన్నప్పుడు ప్రేమకు ఆ భాషలో నాలుగు మాటలున్నవని, వాటిలో అగాపే అనునది దైవప్రేమయని వ్రాసుకొన్నాము, పరీక్షలో మార్కులును పొందాము. పౌలు రోమా సంఘమునకు వ్రాసిన పత్రిక అయిదవ అధ్యాయములో చెప్పినదంతయు ఆ మాటలోనే ఉన్నది: మనము బాగుపడిన తరువాత దేవుడు ప్రేమించలేదు, శత్రువులమై ఉండగానే ప్రేమించాడు. నిర్వచనముగా అది నాకు బాగుగానే తెలియును. కాని కడిగివేయబడిన స్పర్శను మరల చాచిన ఈ చేతులను తలంచుకొన్నప్పుడు ఆ అధ్యాయము నాకు మరింత దగ్గరగా వినబడును.

మన డెల్టాలో అందరికి తెలిసిన మాట కౌలు. ఏడాదికి ఇన్ని బస్తాలు కొలిస్తేనే భూమి మన చేతిలో ఉండును. కొలవలేకపోతే వచ్చే ఏడు మరియొకరికి పోవును. దేవుని ప్రేమను సహితము మనము కౌలు చేనువలెనే చూచుచున్నాము. ప్రార్థన తప్పలేదు, కానుక తప్పలేదు, ఉపవాసము తప్పలేదు గనుక ప్రేమిస్తాడు. తప్పితే ప్రేమను తీసివేస్తాడు. తెనాలి పేటలలోను, రేపల్లె లంక గ్రామములలోను రోగి పడక ప్రక్కన కూర్చున్నప్పుడు నేను తరచుగా వినే ప్రశ్న ఒక్కటే. అయ్యగారూ, నేను ఏమి తప్పు చేశానని దేవుడు నన్ను ఇట్లు చేశాడని అడుగుతారు. బిడ్డ కడుపులో నిలువని స్త్రీ అడుగుతుంది. 1977 నవంబరు ఉప్పెనలో ఇల్లును, ఇంటివారిని పోగొట్టుకొన్నవారును అదే అడిగారు. ఆ ప్రశ్నలో దుఃఖము కన్న లోతైనది ఒకటి ఉన్నది: నేను ఎక్కడనో కౌలు ఎగవేశాను, అందుచేత భూస్వామి నన్ను వెళ్ళగొట్టాడు అన్న భయము. ఈ భయమునకు మాటలతో జవాబు చెప్పుట కష్టము. కుగ్లర్ గారు మాటలతో చెప్పుటకన్న ఎక్కువగా చేతులతో చెప్పారు. ఆమె యొద్దకు వచ్చిన స్త్రీని మొదట అడిగినది నొప్పి ఎక్కడ అని. ఏ పాపము చేశావని కాదు.

ఆమె మాత్రము అలసట ఎరుగని దేవదూత అనుకొనరాదు. మన మిషనరీల చరిత్రలు కొన్ని చదివితే వారికి జ్వరము సహితము రాదేమో అనిపించును. కుగ్లర్ గారి ఆరోగ్యము గుంటూరు ఎండలకు చెడినది. 1889లో ఆమె స్వదేశము వెళ్ళవలసి వచ్చినది. ఆరంభించిన పని అరకొరగా ఉన్నది, ఆసుపత్రి లేదు, తన స్థానమున నిలుచు మరియొక వైద్యురాలు లేదు. పని చేయలేని పడకమీద ఉన్నప్పుడు దేవుని ప్రేమను నమ్ముట, పని చేయుచు నమ్ముటకన్న కష్టము. సేవకులమైన మాకు ఇది బాగుగా తెలియును. మా పని ఆగిపోతే మా విలువయు ఆగిపోయినట్లు మాకు తోచును. ఆమె అక్కడ ఉన్న కాలములో ఆసుపత్రికి ధనము సమకూర్చుటకు పాటుపడి, 1891లో తిరిగి వచ్చారు.

పిమ్మట గుంటూరులో 18 ఎకరముల స్థలము కొన్నారు. 1893లో అక్కడ వైద్యశాల తెరువబడినది. 1898లో 50 పడకల ఆసుపత్రి ప్రతిష్ఠింపబడినది. స్త్రీలకును, పిల్లలకును అది అప్పటి తెలుగు దేశములో ఎంత గొప్ప ఆశ్రయమో చెప్పనవసరము లేదు. తరువాతి సంవత్సరమే, 1899లో, విజయవాడ నుండి మద్రాసుకు రైలు నడిచి, తెనాలి బాపట్ల స్త్రీలకు ప్రయాణము కొంత సులువైనది. కేథరిన్ ఫాస్ అను నర్సమ్మగారును, డాక్టరు మేరీ బేర్ గారును వచ్చి కుగ్లర్ గారితో చేయి కలిపారు. అక్కడినుండి ఆ వైద్య సేవ చీరాలకును, పల్నాటి రెంటచింతలకును విస్తరించినది.

ఫాస్ గారు ఆరంభించిన నర్సుల శిక్షణను గూర్చి నేను ఒకింత ఎక్కువ చెప్పదలచాను, ఎందుకనగా మన సంఘములకు సంబంధించిన కథ ఇందులో ఉన్నది. అట్టి మిషను ఆసుపత్రులలో శిక్షణకు వచ్చిన బాలికలు ఎక్కువ మంది క్రైస్తవ కుటుంబములవారు. ఆ కుటుంబములు ఎక్కడివో మనకు తెలియును. ఊరి బయట పేటలలోనివి. ఊరి బావిలో చేద వేయరానివి. అట్టి ఇంటి ఆడబిడ్డ తెల్లని చీర కట్టి, గడియారము చూచి నాడి లెక్కించి, ఏ ఇంటి గడపను తన తల్లి ఎన్నడును తొక్కలేదో ఆ ఇంటి కోడలి కాన్పులో మొదట బిడ్డను చేతులలోనికి తీసికొన్నది. ఆ బిడ్డ మొదట ఎరిగిన మనుష్య స్పర్శ ఆమెదే. ఎన్ని ప్రసంగములు ఈ పని చేయగలవు? కోడలికి వైద్యము దొరికినది. నర్సుకు మరియొకటి దొరికినది. దేవుడు నన్ను అందరివలెనే చేశాడు, అందరివలెనే ప్రేమించుచున్నాడు అని పుస్తకములో చదువుట వేరు. తన చేతులు మైలవి కావని తన చేతులతోనే తెలిసికొనుట వేరు. షరతులు లేని ప్రేమయందు నమ్మిక మన ప్రాంతములో ఎక్కడ వేరుపారినదని నన్ను అడిగితే, నేను దేవాలయములతో పాటు ఆ వార్డులను చూపుదును.

ఒక ఆక్షేపణను దాటవేయుట న్యాయము కాదు. మిషను ఆసుపత్రులు ఎరలని, మందు ఆశ చూపి మతము మార్చుటకే అవి ఏర్పడినవని అప్పుడు అన్నవారున్నారు, ఇప్పుడును అనువారున్నారు. ఆసుపత్రిలో ప్రార్థన జరిగేది, బైబిలు స్త్రీలు వేచియున్న రోగులకు సువార్త చెప్పేవారు. దానిని దాచలేదు, దాచవలసిన అవసరమును లేదు. తనకు మిక్కిలి ప్రియమైన వార్తను మనిషి చెప్పక ఎట్లుండును? అయితే మందు ఆ వార్తకు వెల కాలేదు. విన్నవారికి ఒక మందు, వినక ముఖము త్రిప్పుకొన్నవారికి ఒక మందు లేదు. ఆక్షేపించువారికి మనము కోపముతో జవాబు చెప్పుటకన్న లూకా సువార్త పదునేడవ అధ్యాయము చూపుట మంచిది. ప్రభువు పదిమంది కుష్ఠరోగులను బాగుచేశాడు. తిరిగి వచ్చి సాగిలపడినది ఒక్కడే, వాడును సమరయుడు. తక్కిన తొమ్మండుగురు ఎక్కడ అని ప్రభువు అడిగాడు గాని, వారి శుద్ధిని వెనుకకు తీసికొనలేదు. మొదటినుండి తొమ్మండుగురు రారని ఎరిగియే పదిమందిని బాగుచేశాడు. ఈ భాగముపై కృతజ్ఞతను గూర్చి ప్రసంగములు చాల విన్నాము. తిరిగిరాని ఆ తొమ్మండుగురును శుద్ధులైరన్న సంగతిపై తక్కువ విన్నాము. కుగ్లర్ గారి ఆసుపత్రినుండి ఇంటికి వెళ్ళిన వేలమంది స్త్రీలలో ఎక్కువ మంది ఆ తొమ్మండుగురివంటి వారే. వారి బిడ్డలు బ్రతికారు.

తిరిగి వచ్చినవారిలో ఏలూరు రాజా భుజంగరావు బహద్దరు గారిని చెప్పుకొనవలెను. ఆయన కుటుంబమునకు కుగ్లర్ గారు చేసిన వైద్యమునకు కృతజ్ఞతగా ఆసుపత్రి ఎదుట ఒక సత్రము కట్టించారు. దూరమునుండి వచ్చిన రోగుల బంధువులు దిగుటకును, తమ వంట తాము చేసికొనుటకును అది ఉపయోగపడినది. స్వయముగా కవియైన ఆయన క్రీస్తు జీవితమును తెలుగు పద్యములలో రచించారు. ఆయనకును ఆ వైద్యురాలికిని నడుమ కలిగిన స్నేహమునకు బాప్తిస్మము షరతు కాలేదు. దీనిని కొందరు లోపముగా ఎంచవచ్చును. నేను అట్లు ఎంచను. ప్రేమించువాడు ద్వారము తెరచి ఉంచును. లోపలికి వచ్చుటయో మానుటయో వచ్చువాని ఇష్టము. తప్పిపోయిన కుమారుని తండ్రి సహితము దూరదేశమునకు మనుష్యులను పంపి కొడుకును కట్టి తెప్పించలేదు గదా.

ప్రభుత్వము ఆమెకు 1905లో కైజర్-ఇ-హింద్ పతకమును ఇచ్చినది, 1917లో మరల గౌరవించినది. ఆమె మాత్రము ఆసుపత్రి గేటు దాటి పేరు కొరకు తిరిగినవారు కారు. వివాహము చేసికొనలేదు. వయస్సు మీరినది, ఆరోగ్యము క్షీణించినది. చికిత్స కొరకు, విశ్రాంతి కొరకు స్వదేశము వెళ్ళినను, మరల ఈ ఊరికే తిరిగి వచ్చారు. ఇక పెద్ద శస్త్రచికిత్సలు చేయు బలము లేదు. వచ్చి ఏమి చేస్తారని లోకము అడుగును. తాను చేసిన పనిని బట్టి ఆమె దేవునికి ప్రియురాలై ఉండినచో ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఆమె తన పని చూపి ప్రేమను సంపాదించుకొనుటకు రాలేదు. ముందే పొందిన ప్రేమలో, తాను ప్రేమించిన మనుష్యుల మధ్య ఉండుటకు వచ్చారు. వృద్ధులైన మన పాస్టర్లును, ఉపదేశకులును, ఉద్యోగ విరమణ పొంది ఇక మావలన సంఘమునకు ఏమి ప్రయోజనమని ఇంటివద్ద చింతపడుచున్న మన ఉపాధ్యాయులును ఈ తిరుగు ప్రయాణమును గుర్తుంచుకొనవలెనని నా మనవి.

1930 జూలై 26న, గుంటూరు వచ్చిన నలువది ఏడవ సంవత్సరములో, డెబ్బది నాలుగేండ్ల వయస్సున, తాను కట్టించిన ఆసుపత్రి ఉన్న ఆ గుంటూరులోనే ఆమె ప్రభువునందు నిద్రించారు. మరణమునకు రెండేండ్ల ముందు, 1928లో, తన పనిని గూర్చి ఇంగ్లీషులో ఒక పుస్తకము ప్రచురించారు. దాని పేరు గుంటూరు మిషన్ హాస్పిటల్. అప్పటికి ఆ ఆసుపత్రి పేరును అదే. దానికి కుగ్లర్ ఆసుపత్రి అను పేరు పెట్టినది ఆమె పోయిన తరువాతనే.